లేండర్ట్ గుమ్మం ముందు మూడు మీటర్లు

లేండర్ట్ పరిచిన వరస వంకరగా ఉందని అనే ధైర్యం మా ఊళ్ళో ముప్పై ఏళ్ళపాటు ఎవరికీ లేకపోయింది. నాకు అసలే లేదు. నేను అతనికి ఇటుకలు అందించేవాణ్ణి.

మా పనిలో ఇద్దరుంటారు. ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని వీధిలో ఇటుకలు పరుస్తాడు. రెండోవాడు చేతిబండిలో ఇటుకలు తెచ్చి అతని చేతికి అందేలా పేరుస్తాడు, ఇసుక తోస్తాడు, పది కొట్టేసరికి కాఫీ ఫ్లాస్కు మూత తీస్తాడు. వరస వైపు చూసేది పరిచేవాడొక్కడే. అందించేవాడు వరస గురించి నోరెత్తకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు గానీ, మా వాళ్ళు ప్రార్థనైనా మరిచిపోతారేమో, దీన్ని మరవరు. పనిలో చేరిన మొదటి వారం నాకు తెలియక, "ఆ మూడోది కొంచెం బయటికొచ్చినట్టుంది" అన్నాను. లేండర్ట్ సుత్తి కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"బాస్తియాన్, నీ కళ్ళు బండి మీద ఉంచుకో. వరస మీద నా కళ్ళున్నాయి."

ఆ రోజే నోరు కుట్టేసుకున్నాను. అంత గట్టిగా కుట్టుకోవాల్సింది కాదని ఇప్పుడనిపిస్తుంది.

మా ఊరిది మెత్తటి నేల. గజం లోతు తవ్వితే నల్లటి నాచుమన్ను, దాని కింద నీళ్ళు. ఇళ్ళు లోతుకు దిగ్గొట్టిన దుంగల మీద నిలబడ్డాయి కాబట్టి కదలవు. వీధి మాత్రం ఏటా కొంచెం కొంచెం కిందికి దిగుతూనే ఉంటుంది. పది పదిహేనేళ్ళు గడిచేసరికి ప్రతి గుమ్మం దగ్గరా కొత్తగా ఒక మెట్టు పుట్టుకొస్తుంది. అప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు ఇటుకలన్నీ లేపి, ఇసుక పోసి ఎత్తు చేసి, ఆ ఇటుకలనే మళ్ళీ పరుస్తారు. పెళ్ళిలో చూసిన చుట్టాన్ని మళ్ళీ చావులో చూసినట్టు, అందించిన ఇటుకనే మళ్ళీ అందించిన రోజులు నాకెన్నో ఉన్నాయి. అందుకే మా ఊళ్ళో ఏది వంకరగా కనిపించినా ఎవరూ కళ్ళని అనుమానించరు. నేలని తిడతారు.

లేండర్ట్ ఆరడుగుల పైన మనిషి. చేతులు పారల్లా ఉంటాయి. ఎవరినీ మెచ్చుకోడు, ఎవరైనా తనను మెచ్చుకుంటే వినపడనట్టు పొగాకు చుట్టుకుంటాడు. పని మానేసే ఏడాది ఆఖరి పనిగా తన ఇల్లున్న వీధినే అడిగి తీసుకున్నాడు. దక్షిణపు కాలువ గట్టు మొత్తం, ఈ వంతెన నుంచి ఆ వంతెన దాకా. ఇద్దరం కలిసి పరిచాం. చివరి ఇటుక తన గుమ్మం ముందు దించి, సుత్తి తీసుకెళ్ళి షెడ్డులో మేకుకి తగిలించాడు. అతని భార్య కోబా ఆ రోజు ఆపిల్ కేకు చేసింది. ఇది పన్నెండేళ్ళ కిందటి మాట.

ఈ పన్నెండేళ్ళలో ఎవరి వాటా వాళ్ళకి అందింది. ముప్పై ఏళ్ళు తడి ఇసుకలో ఆనించిన మోకాళ్ళు ఊరికే పోతాయా? పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేసేదాకా లేండర్ట్ కాళ్ళు అతని మాట వినవు. మెట్లు వెనక్కి తిరిగి దిగుతాడు. నా కుడి మోకాలు పూర్తిగా అరిగిపోతే ఆస్పత్రిలో తీసేసి లోహపుది పెట్టారు. నువ్వూ పెట్టించుకో, హాయిగా ఉంటుందని చెబితే, "ఈ ఊళ్ళో ఇటుకలే నేలలోకి దిగిపోతుంటే, ఇనుప కాళ్ళతో కాలువ అడుక్కి పోనా?" అన్నాడు. కోబాకి తుంటి కీలు అరిగింది. నాలుగు చక్రాల నడకబండి తోసుకుంటూ తిరుగుతుంది. దానికి ముందొక బుట్ట, వెనకొక బల్ల. రొట్టెల దుకాణం దాకా దాన్ని నడిపిస్తూ వెళ్ళి, దాని మీదే కూర్చుని ఊరందరి క్షేమం కనుక్కుని వస్తుంది.

ఈ ఏడాది వసంతంలో లేండర్ట్ కొత్త పాట అందుకున్నాడు.

"వీధి వంకర పోతోందిరా."

"దిగింది. వంకరెక్కడ పోయింది?"

"అక్కడ చూడు. లాంతరు స్తంభం దాటాక పాములా తిరిగింది."

నేను చూశాను. నాకు తిన్నగానే ఉంది. అయినా వరస గురించి అతనితో వాదించే అలవాటు నాకు లేదు కాబట్టి, ఊఁ అన్నాను.

అతను మునిసిపాలిటీకి ఫోన్ చేశాడు. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు. చివరికి మేరెల్‌ని పంపారు. మేరెల్ ఇప్పుడు మా ఊరి వీధులన్నీ పరిచే బృందానికి పెద్ద. ముప్పై అయిదేళ్ళ పిల్ల, లేండర్ట్ పని మానేసే ముందు రెండేళ్ళు అతని దగ్గరే పని నేర్చుకుంది. ఆడపిల్లకి ఈ పనేమిటని జనం నవ్వితే, "దానికున్న కన్ను మీ ఇంట్లో ఒక్కడికుందా?" అని నోళ్ళు మూయించింది లేండర్టే. ఆ పిల్ల దారం కట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగి వంగి చూసింది.

"తిన్నగానే ఉంది బాబాయ్. దిగిన మాట నిజమే. మీ మెట్టు బాగా ఎత్తయింది, అందుకే మోకాళ్ళు నొప్పులు. శీతాకాలం రాకముందే వీధంతా ఎత్తు చేస్తాం, మీ పేరే ముందు రాసుకుంటా. వరస మాత్రం మీరు పరిచినట్టే ఉంది."

"నేను వంకర అంటుంటే నువ్వు తిన్నగా ఉందంటావా? నీకు నేర్పిన నన్ననాలి."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. కోబా ఇచ్చిన కాఫీ సగం తాగి, దారం చుట్టుకుని వెళ్ళిపోయింది. నాకు లేండర్ట్ మీద ఒళ్ళు మండింది.

అతని మాటల్లో మెట్టు సంగతి నిజం. అందువల్లే మిగతాదీ నిజమే అనుకున్నాం. ఇంకా ఎన్నో కళ్ళముందే జరిగాయి, ఒక్కటీ పట్టించుకోలేదు. కాఫీ కప్పు పక్కన పోశాడు. కాలువ అవతల మా ఇంటి ముందు నుంచి నేను చెయ్యూపితే, గొంతెత్తి పిలిచేదాకా ఎవరో అన్నట్టు నిలబడ్డాడు. పత్రికలో అచ్చు మధ్యమధ్య చెరిగిపోతోందని సంపాదకుడికి ఉత్తరం రాస్తానన్నాడు. ఒక ఉదయం బల్ల దగ్గర కోబాని చూసి, "పొద్దున్నే మూతి వంకర పెట్టుకున్నావెందుకు?" అన్నాడట. యాభై రెండేళ్ళ కాపురంలో అంత మాట ఎప్పుడూ అనలేదని ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే అప్పుడే బయటపడేది.

మే నెలలో ఒక పొద్దున షెడ్డులో సుత్తి మేకు మీద లేదు. నాకు ఫోనొచ్చింది.

"బాస్తియాన్, చేతిబండి తీసుకురా. నా గుమ్మం ముందు నేనే సరి చేసుకుంటా."

"నీకేమైనా పిచ్చా? నీకు డెబ్బై ఏడు."

"నీకు డెబ్బై అయిదు. బండి నీది. వస్తావా, ఇటుకలు నన్నే మోసుకోమంటావా?"

వెళ్ళాను. పిలిస్తే వెళ్ళడమే నాకు తెలుసు. గుమ్మం ముందు ఇటుకలు లేపి పక్కన పేర్చాను. అతను సోఫా దిండ్లు రెండు తెచ్చి నేల మీద వేసుకున్నాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి, పళ్ళు బిగించి, ఒక్కో కాలూ మడిచి కూర్చోడానికి నేను ఒక సిగరెట్టు కాల్చేంతసేపు పట్టింది. కూర్చున్నాక మాత్రం పాత లేండర్టే. ఎడమచేత్తో ఇటుక అందుకోవడం, బొటనవేలితో అంచు తడమడం, సుత్తితో రెండు దెబ్బలు. ఆ రెండు దెబ్బల చప్పుడు పన్నెండేళ్ళ తరవాత వింటే నాకు కడుపు నిండిపోయింది.

"దారం కట్టవా?" అన్నాను.

"నా కన్నే నా దారం."

మొదటి వరస పూర్తి కాకముందే నాకు తెలిసింది. వరస ఎడమకి తిరుగుతోంది. అంగుళం కాదు, రెండు కాదు. గుమ్మం దాటేసరికి చెయ్యెడు పక్కకి పోయింది. అతను వెనక్కి వాలి, ఒక కన్ను మూసి చూసి, "ఇప్పుడు తిన్నగా ఉంది" అన్నాడు. ఆ మొహంలో ఎంత తృప్తి ఉందో చెప్పలేను.

నేను ఇటుక అందించాను.

మూడు రోజులు అందించాను. మొత్తం మూడు మీటర్లు. మా ఊరి జనానికి మొహం మీద అనలేని మాట ఉండదు. జుట్టు బాగోలేకపోతే బాగోలేదనే అంటారు. అలాంటి వాళ్ళు సైకిళ్ళు నెమ్మది చేసుకుని, ఆ వంకర చూసి, లేండర్ట్‌ని చూసి, "మంచి ఎండ కాసింది" అని చెప్పి వెళ్ళిపోయారు. మూడో రోజు సాయంత్రం అతన్ని పైకి లేపడానికి నేనూ కోబా చెరో చంకలో చెయ్యి వేయాల్సివచ్చింది. ముగ్గురికీ కలిపి సరైన కీలు ఒక్కటుంది, అదీ ఆస్పత్రి వాళ్ళిచ్చింది.

నాలుగో రోజు పొద్దున కోబా రొట్టెకి బయల్దేరింది. నడకబండి ముందు చక్రం ఆ వంకర దగ్గర రెండు ఇటుకల మధ్య ఎడంలో దిగి టక్కున ఆగింది. బండి పక్కకి తిరిగి, ఆమె గోడ మీద పడింది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఎముకలేవీ విరగలేదు. కానీ ఆమె గోడ పట్టుకుని వణుకుతుంటే కాలువ అవతల నుంచి నేను చూశాను. వంతెన ఎలా దాటానో తెలియదు.

కోబాని లోపల కూర్చోబెట్టి బయటికొచ్చాను. లేండర్ట్ గుమ్మంలో నిలబడి, "ఆ చక్రం సరిగ్గా లేదు, ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నా" అంటున్నాడు.

షెడ్డులోకి వెళ్ళి దారం ఉండ తెచ్చాను. ఒక చివర అతని గుమ్మం పక్క ఇనుప కమ్మీకి, రెండో చివర లాంతరు స్తంభానికి కట్టి బిగించాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ బిగించలేదు.

"చూడు."

అతను చూశాడు. "దారం సాగింది. మధ్యలో వంకరగా ఉంది."

నేను దారాన్ని వేలితో మీటాను. అది జుమ్మని మోగింది.

"ఇంత బిగించిన దారం వంకర పోతుందా లేండర్ట్? ఎక్కడైనా చూశావా?"

అతను దగ్గరికొచ్చి దారం మీద వేలు పెట్టాడు. కళ్ళు మూసుకుని కమ్మీ నుంచి స్తంభం దాకా వేలు జారుస్తూ నడిచాడు. మళ్ళీ కళ్ళు తెరిచి చూశాడు. కుడి కన్ను అరచేత్తో మూసి చూశాడు. తరవాత ఎడమ కన్ను మూశాడు. ఆ చెయ్యి తియ్యలేదు.

"ఏమైంది?"

"ఈ కంటితో చూస్తే మధ్యలో దారమే లేదురా. అటు చివరుంది, ఇటు చివరుంది. మధ్యలో బూడిద."

గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. ఎత్తయిన ఆ మెట్టు కూర్చోడానికి మాత్రం బాగా పనికొచ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మొదటి వరసలోనే."

"మూడు రోజులు నోరు మూసుకుని అందించావా?"

"వరస మీద నీ కళ్ళున్నాయన్నావుగా."

అతను తల దించుకున్నాడు. నాకు నా మీదే అసహ్యమేసింది. తిట్టు తింటానన్న భయంతో నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి మూడు రోజులు చీకట్లో నడవనిచ్చాను. అతని చెయ్యి పట్టుకోవాలనిపించి పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య అలాంటివి లేవు. అయినా అతను విడిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నమే ఊరి డాక్టరు చూసి, మర్నాటికి పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, చేతికి పసుపు మందు ఎక్కించి, కంటి వెనక ఫోటోలు తీసింది. వయసుతో కంటి వెనక పొర మధ్యభాగం అరుగుతుందట. కొందరికి అక్కడ పిచ్చి రక్తనాళాలు మొలిచి, కారి, పొరను ఉబ్బిస్తాయట. అప్పుడు తిన్నటి గీతలు వంగి కనిపిస్తాయట. కుడి కన్ను మధ్యలో మచ్చ కట్టేసింది, అది ఇక తిరిగి రాదంది. ఎడమ కన్ను ఇప్పుడు కారుతోంది. ఈ వారమే సూది మందు మొదలుపెడితే నిలబడే అవకాశం ఉంది, ఇంకో నెల ఆగి ఉంటే ఇదీ పోయేదంది.

"మీరు వీధులు పరిచేవారా? వంకర ముందు మీకే కనబడి ఉండాలే," అంది.

"కనబడింది. నేలని తిట్టాను," అన్నాడు లేండర్ట్.

కంట్లోకే సూది అనగానే నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. లేండర్ట్ మాత్రం, "తిన్నగా దించండి, ఆ పని మీకైనా వచ్చుండాలి" అన్నాడు. డాక్టరు నవ్వి, పొగాకు ఈ రోజే మానేయాలని చెప్పింది. దానికి మాత్రం మొహం మాడ్చుకున్నాడు. తిరిగొస్తూ వంతెన మీద ఆగి, పొగాకు సంచీ తీసి నా చేతిలో పెట్టాడు. "కాలువలో పారేయకు, బాతులకి అలవాటవుతుంది."

సరైన కన్ను ఒక్కటే మిగిలింది, అదీ సందేహంలో ఉంది. ఆ వేసవంతా ఆ ఇంట్లో వేరే మాట లేదు. నెలకో సూది. చిన్న చిన్న గళ్ళున్న కాగితమొకటి ఆస్పత్రి వాళ్ళిచ్చారు. రోజూ పొద్దున దాన్ని చూసి, గీతలు ఎక్కడ వంగాయో చెప్పాలి. కోబా దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. లేండర్ట్ దాని ముందు నిలబడి, "ఈ వీధి పరిచినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయాలి" అనేవాడు. జూన్‌లో నడి గళ్ళు నీళ్ళలో చూసినట్టున్నాయన్నాడు. జూలైలో మాట మార్చాడు, ఎడమవైపు గళ్ళే అలా ఉన్నాయన్నాడు. ఆ నెలలో ఒకరోజు కోబా నాకు ఫోన్ చేసి ఏడుస్తుంటే హడలిపోయాను.

"ఏమైంది కోబా?"

"ఏం కాలేదు. పొద్దున నా మొహంలోకి చాలాసేపు చూశాడు. చూసి, 'నీ మూతి ఎప్పుడూ తిన్నగానే ఉంది, తప్పు నాది' అన్నాడు. బాస్తియాన్, ఈ మనిషి నోట తప్పు అన్న మాట వినడం ఇదే మొదలు."

"రాసి పెట్టుకో, మళ్ళీ రాదు," అన్నాను. నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

సెప్టెంబరులో వీధి ఎత్తు చేయడానికి మేరెల్ బృందం వచ్చింది. ఇసుక లారీలు దిగాయి, వంతెన వైపు నుంచి ఇటుకలు లేపుకుంటూ వచ్చారు. లేండర్ట్ గుమ్మం దగ్గరికొచ్చేసరికి మేరెల్ ఆగిపోయింది. ఆ మూడు మీటర్ల వంకర చూసి, లోపలికి చూసింది. ఊరందరికీ విషయం తెలిసినా ఆమెకి ఎలా అడగాలో తెలియలేదు.

లేండర్ట్ బయటికొచ్చాడు. "అది నేను పరిచిన చెత్త. లేపెయ్. ఆ రోజు నువ్వు చెప్పింది నిజం, నేనన్నది తప్పు."

"బాబాయ్, అదేం మాట..."

"తిన్నగా ఉందన్నావు, తిన్నగానే ఉంది. ఇక నసపెట్టకు, పని చూడు."

ఆ పిల్ల కళ్ళు చెమర్చాయి. వంగి మోకాలి తొడుగులు బిగించుకుంది. "మీ గుమ్మం ముందు నేనే పరుస్తా. ఇటుకలు అందించడానికి మనిషి కావాలి. మీరొస్తారా?"

నేను లేండర్ట్ వైపు చూడలేకపోయాను. జీవితమంతా పరిచినవాణ్ణి అందించమని అడగడం! అతను లోపలికి వెళ్ళి కోబా నడకబండి తెచ్చుకుని, వెనక బల్ల మీద కూర్చుని, ఇటుకలు పక్కన పేర్చమని నాకు సైగ చేశాడు. నేను తెస్తున్నాను, అతను అందిస్తున్నాడు, ఆమె పరుస్తోంది. దారం కట్టి ఉంది. మేరెల్ చెయ్యి వేగంగా నడుస్తోంది, రెండు దెబ్బలు, రెండు దెబ్బలు.

గుమ్మం ఎదురుగా వచ్చేసరికి లేండర్ట్ చెయ్యి ఆగిపోయింది. ఇటుక ఒళ్ళో పెట్టుకుని వరస వైపు చూస్తున్నాడు. తల కొంచెం పక్కకి వంచి, ఎడమ కన్నుతో చూస్తున్నాడు. నా వైపు తిరిగాడు. అందించేవాడు నోరెత్తకూడదు. ఆ నియమం నా నెత్తిన పెట్టినవాడే ఇప్పుడు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాను. "నాలా ఊరుకోకు. చెప్పరా."

"మేరెల్," అన్నాడు. "ఆ మూడోది... కొంచెం బయటికొచ్చినట్టుంది."

ఆమె దారం వైపు వంగి చూసింది. బొటనవేలితో ఇటుక అంచు తడిమింది. నేను కూడా నా ఇనుప మోకాలి సంగతి మరిచిపోయి వంగి తడిమాను. గోరు మందం. గోరు మందం బయటికుంది.

"అవును బాబాయ్," అంది మేరెల్. సుత్తితో ఒక్క దెబ్బ వేసి లోపలికి దించింది. "మీకెలా కనబడింది?"

లేండర్ట్ ఒళ్ళో ఉన్న ఇటుక తీసి ఆమె చేతికి అందించాడు. మొహం మాత్రం మా ఇద్దరికీ కనబడకుండా కాలువ వైపు తిప్పుకున్నాడు.